జాన్ బాకస్

జాన్ వార్నర్ బాకస్ (డిసెంబర్ 3, 1924 - మార్చి 17, 2007) అమెరికాకు చెందిన ప్రముఖ కంప్యూటర్ శాస్త్రవేత్త. శాస్త్ర సాంకేతిక గణనల కోసం రూపొందిన ఫోర్ట్రాన్ భాషకు, దాని మొదటి కంపైలరుకు సారథ్యం వహించిన వ్యక్తిగా ప్రసిద్ధుడు. ప్రోగ్రామింగ్ భాషల వ్యాకరణాన్ని సూత్రబద్ధంగా వ్రాసే బాకస్-నార్ రూపంలో మొదటి పేరు ఇతనిదే.

బాల్యం, విద్యాభ్యాసం

బాకస్ ఫిలడెల్ఫియా నగరంలో జన్మించి, డెలావేర్ రాష్ట్రంలోని విల్మింగ్టన్‌లో పెరిగాడు. చదువులో ఏమంత రాణించలేదు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం చదవడానికి చేరి, తరగతులకు హాజరు కానందున అక్కడి నుండి తొలగించబడ్డాడు. 1943లో సైన్యంలో చేరగా, సైన్యం వారు వైద్యవిద్య వైపు పంపారు. ఆ రోజులలోనే పుర్రె ఎముకలో కణితి బయటపడడంతో శస్త్రచికిత్స చేసి తలలో పలక అమర్చారు. వైద్యవిద్యను తొమ్మిది నెలలకే విడిచిపెట్టాడు. తరువాత న్యూయార్క్‌లో, పాటలు వినడానికి మంచి పరికరం కావాలనే కోరికతో, రేడియో పని నేర్పే పాఠశాలలో చేరాడు. అక్కడి ఉపాధ్యాయునికి ఆంప్లిఫయరు లెక్కలలో సహాయపడుతూ ఉండగా గణితంపై అభిరుచి కలిగింది. కొలంబియా విశ్వవిద్యాలయం నుండి 1949లో గణితంలో పట్టా, 1950లో ఎం.ఏ. పొందాడు.

ఐ.బి.ఎం.లో తొలి సంవత్సరాలు

1950లో మాడిసన్ అవెన్యూలోని ఐ.బి.ఎం. కార్యాలయంలో ప్రదర్శనకు ఉంచిన భారీ గణన యంత్రాన్ని చూడడానికి వెళ్ళిన బాకస్, ఆ సందర్శన ఫలితంగానే ఉద్యోగం సంపాదించాడు. అప్పటి యంత్రాలకు ప్రోగ్రాము వ్రాయడమంటే ప్రతి ఆదేశాన్నీ, ప్రతి సంఖ్య నిల్వ ఉండే చోటునూ మనిషే నిర్ణయించి వ్రాయడం. ఈ శ్రమ తగ్గించడానికి బాకస్ 701 యంత్రం కోసం 1953లో స్పీడ్‌కోడింగ్ అనే పద్ధతిని రూపొందించాడు. ఇది ప్రోగ్రాములోని ఆదేశాలను నడుస్తున్నప్పుడే ఒక్కొక్కటిగా చదివి అమలు చేసేది. అందువల్ల వేగం తగ్గేది. అయితే 701లో ఫ్లోటింగ్ పాయింట్ గణనలను ఎలాగూ ప్రోగ్రాముల ద్వారానే చేయవలసి ఉన్నందున, ఆ నిదానంలో ఈ నిదానం కలిసిపోయేది.

ఫోర్ట్రాన్

తరువాత వచ్చిన 704 యంత్రంలో ఫ్లోటింగ్ పాయింట్ గణనలకు, ఇండెక్స్ రిజిస్టర్లకు సర్క్యూట్లే ఉన్నాయి. దీనితో స్పీడ్‌కోడింగ్ వంటి సాధనాల నిదానం దాచడానికి వీలు లేకపోయింది. మరొక వైపు, ప్రోగ్రాములు వ్రాయడానికీ, తప్పులు సరిదిద్దడానికీ అయ్యే ఖర్చు యంత్రం అద్దెతో పోటీ పడుతున్నది. 1953 చివరలో బాకస్ తన పై అధికారి కత్‌బర్ట్ హర్డ్‌కు లేఖ వ్రాసి, సూత్రాలను యంత్రభాషలోకి ముందుగానే అనువదించే సాధనం నిర్మించడానికి అనుమతి పొందాడు.

భాష ఎంత సొగసుగా ఉన్నా, దాని నుండి వచ్చే యంత్ర ప్రోగ్రాము చేతితో వ్రాసిన దానికంటే బాగా నిదానమైతే శాస్త్రవేత్తలు దానిని ముట్టరని బాకస్ భావించాడు. భాషా నిర్మాణాన్ని తేలికగా తీసుకొని, శ్రమనంతా కంపైలరు మీదనే పెట్టడం ఇతని బృందం చేసిన ముఖ్యమైన ఎంపిక. ఇర్వింగ్ జిల్లర్, హార్లన్ హెరిక్, రాబర్ట్ నెల్సన్, రాయ్ నట్, షెల్డన్ బెస్ట్, లోయిస్ హేబిట్ తదితరులు ఇందులో పనిచేశారు. యంత్రం రాత్రి వేళ ఖాళీగా దొరికేది కనుక దగ్గరలోని హోటలులో గదులు తీసుకొని పగలు నిద్రించేవారు. ఆరు నెలలలో ముగుస్తుందనుకున్న పని 1957 ఏప్రిల్ వరకు సాగింది. కంపైలరు ఇచ్చిన ఆదేశాల క్రమం ఒక్కొక్కసారి దానిని వ్రాసిన వారికే ఆశ్చర్యం కలిగించేది.

నేటి ఎడిటరు స్థానంలో అప్పుడు గళ్ళ కాగితం, కార్డులకు రంధ్రాలు చేసే యంత్రం ఉండేవి. కార్డులో 80 నిలువు వరుసలున్నా 704 కార్డు రీడరు 72 మాత్రమే చదివేది. అందుకే మొదటి అయిదు వరుసలు వాక్య సంఖ్యకు, ఆరవది కొనసాగింపు గుర్తుకు, ఏడు నుండి 72 వరకు వాక్యానికి కేటాయించారు. ఈ కట్టుబాటు కార్డులు పోయిన తరువాత కూడా చాలా కాలం నిలిచి, ఫోర్ట్రాన్ 90తో గాని సడలలేదు. ఈమాక్స్ ఎడిటరులో పాత రూపానికీ, కొత్త రూపానికీ నేటికీ వేరువేరు ఏర్పాట్లున్నాయి.

మొదటి కంపైలరుకు లోపాలు లేకపోలేదు. ప్రోగ్రాములో ఒక్క వాక్యం మార్చినా మొత్తం మళ్ళీ అనువదించవలసి వచ్చేది. భాగాలను విడివిడిగా అనువదించుకునే సౌకర్యం 1958లో ఫోర్ట్రాన్ 2తో వచ్చింది. అయినా 1958 ఏప్రిల్‌లో 26 కేంద్రాలలో జరిపిన పరిశీలనలో, సగానికి పైగా కేంద్రాలు తమ సమస్యలలో సగానికి మించి ఫోర్ట్రాన్‌లోనే పరిష్కరిస్తున్నట్లు తేలింది. భారతదేశంలో 1963లో ఐ.బి.ఎం. 1620 యంత్రం వచ్చిన కాన్పూర్ ఐ.ఐ.టి.లో విద్యార్థులకు మొదట నేర్పినది కూడా ఈ భాషే.

తరువాతి కృషి

ఆల్గాల్ భాషా నిర్మాణంలో పాల్గొన్న బాకస్, దాని వాక్యనియమాలను వ్రాయడానికి 1959లో ఒక సంకేత పద్ధతిని ప్రతిపాదించాడు. డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్ నార్ దానిని మెరుగుపరచాడు. 1963లో బాకస్ ఐ.బి.ఎం. ఫెలో అయ్యాడు.

1977లో ట్యూరింగ్ పురస్కారం లభించింది. ఆ సందర్భంగా చేసిన ఉపన్యాసంలో తన కీర్తికి మూలమైన మార్గాన్నే విమర్శించాడు. ఫోర్ట్రాన్‌తో సహా ప్రచారంలో ఉన్న భాషలన్నీ యంత్రపు నిర్మాణాన్ని అనుకరిస్తూ, సంఖ్యలను ఒక్కొక్కటిగా అటూ ఇటూ మార్చడానికే ఆలోచనను పరిమితం చేస్తున్నాయని అభిప్రాయపడ్డాడు. ప్రత్యామ్నాయంగా ఫంక్షన్ల కూర్పుపై ఆధారపడిన ఎఫ్.పి. అనే భాషను ప్రతిపాదించాడు. ఎఫ్.పి. వాడుకలోకి రాలేదు గాని, ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ పరిశోధనకు ఆ ఉపన్యాసం గొప్ప ఊతమిచ్చింది. విమర్శకు గురైన ఫోర్ట్రాన్ మాత్రం చెక్కుచెదరలేదు. పైథాన్‌లో మాత్రికల లెక్కలు చేసే విద్యార్థులు తమకు తెలియకుండానే తరచుగా ఉపయోగించే ల్యాపాక్ గ్రంథాలయం ఫోర్ట్రాన్‌లో వ్రాసినదే.

బాకస్ 1975లో అమెరికా జాతీయ విజ్ఞాన పతకాన్ని, 1993లో డ్రేపర్ బహుమతిని అందుకున్నాడు. 1991లో ఉద్యోగ విరమణ చేసి, 2007 మార్చి 17న ఒరెగాన్ రాష్ట్రంలోని యాష్‌లాండ్‌లో మరణించాడు.