డగ్లస్ హార్ట్రీ

పరమాణువు బొమ్మ గీయునపుడు మన విద్యార్థులు నడుమ కేంద్రకమును, చుట్టును ఎలక్ట్రానులను చుక్కలుగా వేయుదురు. ఆ చుక్కలు కేంద్రకముచే ఆకర్షింపబడుటయే కాక, ఒకదాని నొకటి దూరముగా నెట్టుకొనుచుండును. ఈ పరస్పరశక్తిని గణించుట యెంత కష్టమో హార్ట్రీ చరిత్రము చదివినగాని మాకు తెలియలేదు.

ఈతడు 1897వ సంవత్సరము మార్చి 27వ తేదీన కేంబ్రిడ్జిలో జన్మించెను. తండ్రి విలియం అచ్చట ఇంజనీరింగు బోధించెను. తల్లి ఈవా 1924లో ఆ పట్టణమునకు తొలి మహిళా మేయరయ్యెను. మొదటి మహాయుద్ధమున తండ్రీకొడుకులిరువురును విమానములపై పేల్చు ఫిరంగిగుండ్ల గమనమును గణించిరి. పెద్ద లెక్కలకు వెరవకుండుట అప్పుడే అలవడినట్లున్నది.

1926లో ష్రోడింగరు సమీకరణము వెలువడెను. ఉదజనిలో ఎలక్ట్రాను ఒక్కటే గనుక లెక్క తెమలును. రెండవది చేరెనా, ఒకదాని స్థితి తెలియనిదే రెండవదాని స్థితి తెలియదు. 1928లో హార్ట్రీ ఒక ఉపాయము పన్నెను. తక్కిన ఎలక్ట్రానులన్నియు మేఘమువలె పరచుకొన్నవనియు, ఒక్కొక్క ఎలక్ట్రాను ఆ మేఘపు సగటు బలమునకు లోబడి యుండుననియు భావించెను. మేఘమును తొలుత ఊహించి లెక్క మొదలిడవలెను. లెక్కలో వచ్చిన మేఘము ఊహించినదానితో సరిపడనిచో, వచ్చినదానితో మరల మొదలిడవలెను. రెండును ఏకమగువరకు విరామము లేదు!

1930లో ఫాక్, స్లేటర్ అను పండితులు ఇందొక లోపమును చూపిరి. ఎలక్ట్రానులకు పరస్పర భేదము లేదు. ఏ రెండింటిని తారుమారు చేసినను తరంగఫలము గుర్తు మారవలెను. ఆ నియమమును పాటించినచో పరస్పరశక్తిలో వినిమయమను మరియొక భాగము చేరును, శ్రమ పెక్కు రెట్లగును. హార్ట్రీ తన పద్ధతినే పట్టుకొని వాదింపక, ఆ శ్రమకు పూనుకొనెను. వార్ధక్యమున తండ్రియు కుమారుని ప్రక్కను కూర్చుండి అంకెలు వేసెను. లెక్కలు నేర్పు తండ్రులను చూచితిమి గాని, కుమారుని లెక్కలు చేసిపెట్టు తండ్రిని మేము వినియుండలేదు. 1935లో బెరీలియమునకు వారి ఫలితములు వెలువడెను. విలియం 1943లో గతించెను.

నడుమ ఒక వేడుక: 1934లో మాంచెస్టరులో హార్ట్రీయు, పోర్టరు అను శిష్యుడును పిల్లలాడుకొను మెకానో ముక్కలతో, సుమారు 20 పౌనుల వ్యయమున, ఒక గణనయంత్రమును నిర్మించిరి. అది ఆట బొమ్మ గాదు, పరమాణుగణనలకును ఉపకరించెను.

హార్ట్రీ 1958 ఫిబ్రవరి 12వ తేదీన మరణించెను. సగటు మేఘమునకు చిక్కని దొకటి మిగిలినది: ఎలక్ట్రానులు క్షణక్షణము ఒకదాని నొకటి తప్పించుకొనుట. అందుచే కొందరు, ఏ కక్ష్యకు ఎలక్ట్రానులో ఎంత వంతు చెందునో తెలుపు సాంద్రతామాత్రికను ఆశ్రయించిరి. దానినుండియే శక్తి యంతయు లభింపవలెనని 1975లో గిల్బర్టు నిరూపించెను. కాని పరస్పరశక్తికి ఆచరణలో వాడదగు కచ్చితమైన సూత్రము దొరకక, నేటికిని దానిని ఉజ్జాయింపుగానే కట్టుచున్నారు.