కట్టమంచి రామలింగారెడ్డిగారు – ఆంధ్ర విశ్వకళాపరిషత్తు

వార్షిక మహాసభలు జరుగునప్పుడు మన పెద్దలను స్మరించుకొనుట మనకు పరిపాటి. అట్టి పెద్దలలో సర్ కట్టమంచి రామలింగారెడ్డిగారి పేరు ముందు వచ్చును. వారి వాక్చాతుర్యమును, పదవులను, బిరుదములను చెప్పుకొని మనము తృప్తి చెందుచుందుము. అది చాలదని మా అభిప్రాయము. వారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తును ఎట్లు నిర్మించిరో, ఏ కారణమున దానిని విడిచిరో, మరల ఎట్లు చేపట్టిరో తెలిసికొన్నగాని వారిని తెలిసికొన్నట్లు కాదు.

రామలింగారెడ్డిగారు 1880 వ సంవత్సరము డిసెంబరు 10 వ తేదీన చిత్తూరునకు చేరువనున్న కట్టమంచి గ్రామమున జన్మించిరి. తండ్రి సుబ్రహ్మణ్యరెడ్డిగారు. చిత్తూరున చదువు ముగించి మదరాసు క్రైస్తవ కళాశాలలో చేరిరి. అచట విద్యార్థిగా నున్నప్పుడే ముసలమ్మ మరణమను కావ్యమును రచించి బహుమానము పొందిరి. తెగిన చెరువుకట్ట నిలుచుటకై ప్రాణమర్పించిన బుక్కరాయసముద్రపు కోడలి కథ అది. రాజులను, దేవతలను విడిచి ఒక పల్లె ఆడుపడుచును కావ్యనాయికగా నిలుపుట ఆనాటికి క్రొత్త.

పిమ్మట ప్రభుత్వ విద్యార్థివేతనముతో ఇంగ్లాండునకు వెడలి, కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్సు కళాశాలలో చరిత్ర నభ్యసించి ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణులైరి. అచటి యూనియన్ సంఘమునకు ఉపాధ్యక్షులుగా ఎన్నికైరి. స్వదేశమునకు వచ్చిన తరువాత, శ్రీ అరవిందులు పూర్వము నిర్వహించిన బరోడా కళాశాల ఉపాధ్యక్ష పదవిని గాయక్వాడు మహారాజుగారు వీరికొసగిరి. అచటినుండి మైసూరు చేరి మహారాజా కళాశాలలో ఆచార్యులై, అధ్యక్షులై, తుదకు ఆ సంస్థాన విద్యాశాఖకు ఇన్స్పెక్టరు జనరలు అయిరి. ఆ యధికారముతో, పంచములని దూరముంచబడిన బాలురకు సర్కారు పాఠశాలల తలుపులు తెరిపించుటకు పూనుకొనిరి. కులసంఘపు సంచికలో ఈ మాటను మేము ప్రత్యేకముగా వ్రాయుచున్నాము. తమ వారికి చదువు కావలెనని కోరుట సులభము. ఇతరుల బిడ్డలకును కావలెనని అధికారమున నుండి పోరాడుట అరుదు.

సాహిత్యమునను వారిది స్వతంత్ర మార్గమే. 1914 లో వెలువడిన కవిత్వతత్త్వ విచారమున పింగళి సూరనార్యుని కళాపూర్ణోదయమును పాశ్చాత్య విమర్శ పద్ధతిని పరిశీలించిరి. పండితులు పెక్కురు కోపించిరి. అయినను తెలుగు విమర్శకు ఆ గ్రంథమొక మలుపైనది.

1921 లో మైసూరు కొలువును విడిచి రాజకీయములలో ప్రవేశించిరి. మొదట జస్టిస్ పక్షమున నుండియు, 1923 లో అదే పక్షమువారగు పానుగంటి రాజాగారి మంత్రివర్గముపై మదరాసు శాసనసభలో అవిశ్వాస తీర్మానమును వారే ప్రతిపాదించిరి. తీర్మానము వీగిపోయినది.

ఇక ముఖ్యాంశమునకు వత్తము. 1926 లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బెజవాడలో స్థాపితమైనది. దానికి మొదటి వైస్-ఛాన్సలరుగా రెడ్డిగారు నియుక్తులైరి. పేరు గొప్పదే గాని అప్పటికి సొంత భవనము లేదు, ప్రయోగశాల లేదు. ఉన్నదెల్ల ఒక శాసనము, కొన్ని కళాశాలల అనుబంధము. పరీక్షలు జరిపి పట్టములు పంచు కార్యాలయముగా నది మిగిలిపోరాదని, ఆచార్యులును విద్యార్థులును ఒక్కచోట నివసించి బోధన పరిశోధనలు సాగించు పీఠము కావలెనని రెడ్డిగారు తలచిరి. చరిత్ర సాహిత్యములతోపాటు భౌతిక రసాయన శాస్త్రములును, పరిశ్రమలకు పనికివచ్చు విద్యలును ఉండవలెనని వారి సంకల్పము.

అంతలో ముఖ్యస్థానమెచటనను కలహము పుట్టినది. బెజవాడ, రాజమహేంద్రవరము, విశాఖపట్టణము, అనంతపురము, ఎవరి పట్టు వారిది. తుదకు 1930 లో ముఖ్యస్థానము వాల్తేరునకు చేరినది. సముద్రమునకు ఎదురుగానున్న ఆ మిట్టలపై భవనములు లేచినవి. రాయలసీమ కళాశాలలు మాత్రము మదరాసు విశ్వవిద్యాలయము క్రిందనే నిలిచిపోయినవి. రెడ్డిగారి సొంత జిల్లా చిత్తూరు కూడ వానిలో నొకటి. ఏ పరిషత్తును వారు కన్నబిడ్డవలె పెంచిరో, ఆ పరిషత్తు నీడ వారి పుట్టినగడ్డపై పడలేదు. అయినను వారి పని ఆగలేదు.

ఆ 1930 లోనే మరియొక పరీక్ష ఎదురైనది. శాసనోల్లంఘనోద్యమమును అణచుటకై ప్రభుత్వము దేశమంతట లాఠీలతోను, నిర్బంధములతోను విరుచుకొనిపడెను. దానికి నిరసనగా రెడ్డిగారు వైస్-ఛాన్సలరు పదవికి రాజీనామా ఇచ్చిరి. వాల్తేరులో పునాదులు పడుచున్న సమయమది. ఇంకొక సంవత్సరము ఓర్చుకొనినచో కళాశాల ప్రారంభోత్సవమున అగ్రాసనము వారిదే. దానిని వారు కోరలేదు. 1931 లో సర్వేపల్లి రాధాకృష్ణగారు ఆ పదవికి వచ్చి కళాశాలలను తెరచిరి. గొప్ప ఆచార్యులను రప్పించిరి. ఆ కీర్తి వారికి న్యాయముగా చెందవలసినదే.

1936 లో రెడ్డిగారు మరల వైస్-ఛాన్సలరై 1949 వరకు నిలిచిరి. మునుపటి వైస్-ఛాన్సలరు తెచ్చిన ఆచార్యులను వారు కాపాడుకొనిరి. జయపురాధీశులు విక్రమదేవవర్మగారు ఏటేట లక్ష రూపాయల విరాళముతో పోషించిన విజ్ఞానకళాశాల అప్పటికే వారి పేర వెలసియుండెను. అందు సూరి భగవంతముగారు రామన్ ఫలితముపై కృషి చేసిరి. వారి గ్రంథమును 1940 లో పరిషత్తే ప్రకటించెను. టి. ఆర్. శేషాద్రిగారు పత్తిపూవులలోని రంగులను రసాయనశాస్త్ర రీత్యా పరిశోధించిరి. మన రైతు చేలో నిత్యము చూచు పూవు వాల్తేరు ప్రయోగశాలలో శాస్త్రవిషయమైనది. తరువాత లోకప్రసిద్ధులైన గణాంకశాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణరావుగారు 1940 లో గణితమున ఎం. ఏ. పట్టము పొందినది ఇచటనే. వాడుక భాషకై జీవితమంతయు పోరాడిన గిడుగు రామమూర్తిగారిని 1938 లో కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించినదియు ఈ పరిషత్తే.

1942 ఏప్రిలులో జపానువారి బాంబులు విశాఖపట్టణముపై పడినవి. పరిషత్తు గుంటూరునకు తరలిపోయినది. యుద్ధకాలమున ఇరవులేని సంస్థను చెదరనీయక నిలిపి, మరల వాల్తేరునకు చేర్చుట కట్టుటకన్న తక్కువ పని కాదు. ఆ 1942 లోనే రెడ్డిగారు ప్రభుత్వమిచ్చిన సర్ బిరుదమును స్వీకరించిరి. 1930 నాటి రాజీనామాకు ఇది పొసగదని తలచువారుండవచ్చును. మేమా మాటను దాచము. మహనీయుల జీవితములు ఒకే గీతపై నడువవు. ఏ పనికై వారు కష్టపడిరో, ఏ వేళ దానిని వదలుకొనగలిగిరో చూచి తూచుట న్యాయము.

1949 లో మైసూరు విశ్వవిద్యాలయమునకు ప్రో-ఛాన్సలరై వెడలిరి. అవివాహితులుగనే జీవితము గడపి 1951 ఫిబ్రవరి 24 న స్వర్గస్థులైరి. మూడు సంవత్సరములకు, 1954 లో, వారి చిత్తూరు జిల్లాలోనే తిరుపతియందు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసినది. రాయలసీమ బిడ్డలకు మదరాసు ప్రయాణము తప్పినది. దానిని చూచు భాగ్యము వారికి లేకపోయినది.

రెడ్డిగారు మనవారని మనము గర్వించుట సహజము. కాని వారు కట్టిన ద్వారము మన ఒక్కరికై కట్టినది కాదు. ఆ ద్వారమున అన్ని కులముల బిడ్డలు ప్రవేశించిరి. మన సంఘము విద్యార్థివేతనములిచ్చునప్పుడు, వసతిగృహములు కట్టునప్పుడు ఈ సంగతి మనస్సున నుంచుకొనవలెను. మన యువకులు పదవులను ఆశింతురుగాక. ఆ పదవులను న్యాయముకొరకు విడువగల ధైర్యమును కూడ అభ్యసింపవలెనని మా కోరిక. అది సాధింపబడిన నాడే రామలింగారెడ్డిగారి పేరు తలచుటకు మనకు అర్హత కలుగును.