కోత లేని చికిత్సకు ఆద్యుడు: జాఁ సివియాల్

జాఁ సివియాల్ 1792లో ఫ్రాన్సు దేశంలో జన్మించాడు. మత్తుమందు లేని ఆ కాలంలో మూత్రాశయంలోని రాయిని తీయడానికి శరీరాన్ని కోసేవారు. వైద్య విద్యార్థిగా ఉన్నప్పుడే సివియాల్ మరో మార్గాన్ని అన్వేషించాడు. మూత్రమార్గం గుండానే సన్నని పరికరాన్ని పంపి, రాయిని లోపలే పట్టి పొడిచేసే పద్ధతి 1824లో పారిస్ నగరంలో ఫలించింది.

అయినను సందేహించినవారు లేకపోలేదు. వాదనకు దిగక, ఉభయ పద్ధతుల రోగుల లెక్కలను ఆయన సేకరించాడు. కోత చికిత్సలో నూటికి సుమారు 19 మంది, కొత్త చికిత్సలో సుమారు ఇద్దరు మరణించినట్లు తేలింది. ఆ లెక్కలను 1835లో ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ చర్చించింది.

రాయి మరీ పెద్దదైనప్పుడు మాత్రం కత్తి తప్పేది కాదు. 1867లో సివియాల్ కన్నుమూశాడు. చిన్న రంధ్రంతో ముగిసే నేటి శస్త్రచికిత్సల వెనుక, కోతను తగ్గించాలన్న ఆ విద్యార్థి తపన ఉన్నది.