మౌలానా షిబ్లీ నోమానీ

1857వ సంవత్సరపు తిరుగుబాటు అణగిపోయిన పిమ్మట ఉత్తర హిందూదేశమునందలి ముస్లిములకు గడ్డుకాలము వచ్చెను. ఢిల్లీ పాదుషాల ఏలుబడి పేరునకు కూడ మిగులలేదు. మదరసాలను పోషించిన ప్రభువులు చితికిపోయిరి. ఇక బిడ్డలకు ఏ చదువు చెప్పించవలెనను ప్రశ్న పుట్టెను. దానికి రెండు సమాధానములు వచ్చినవి. 1866లో దేవబందునందు వెలసిన దారుల్ ఉలూము, ప్రజల చందాలతోనే నడచుచు ఖురాను, హదీసు, ధర్మశాస్త్రములను కాపాడ పూనుకొనెను. 1875లో సర్ సయ్యద్ అహమ్మదు ఖాను అలీగఢులో స్థాపించిన పాఠశాల కళాశాలయై, ఇంగ్లీషు చదువును, పాశ్చాత్య శాస్త్రములను నేర్పసాగెను. కాలక్రమమున మౌల్వీ మాట పట్టభద్రునకు, పట్టభద్రుని మాట మౌల్వీకి అర్థము కాని స్థితి ఏర్పడెను. ఈ రెంటి నడుమ వంతెన కట్టుటకు జీవితమును ధారపోసినవారు మౌలానా షిబ్లీ నోమానీ.

షిబ్లీ ఆ 1857వ సంవత్సరముననే ఆజంగఢు జిల్లా బిందవల్ గ్రామమున జన్మించిరి. తండ్రి షేకు హబీబుల్లా వకీలు. ఆయన తమ్ములకు ఇంగ్లీషు చదువు లభించెను గాని, షిబ్లీకి మాత్రము పాతపద్ధతి విద్యయే చెప్పించిరి. మౌలానా ఫారూఖ్ చిరియాకోటి వద్ద అరబ్బీ, పారశీ భాషలను, తర్కమును అభ్యసించిరి. ఇమాము అబూ హనీఫా అసలు పేరు నోమాను; ఆ మహనీయునియందలి భక్తిచేత షిబ్లీ నోమానీ అను పేరు ధరించిరి. వకీలు పరీక్షలో కృతార్థులై కొలదికాలము ఆ వృత్తి చేసిరి గాని, మనసు అందు నిలువలేదు.

1883లో అలీగఢు కళాశాలలో ఉపాధ్యాయులుగా చేరుట వారి జీవితమునకు మలుపు. సర్ సయ్యద్ తన గ్రంథాలయమును ఈ యువకునకు తెరచియుంచిరి. చరిత్రను ఆధారములతో పరిశోధించి వ్రాయు పద్ధతి షిబ్లీకి అక్కడనే అలవడెను. ఆర్నాల్డు అను ఇంగ్లీషు ఆచార్యునకు అరబ్బీ చెప్పుచు, ఆయన వద్ద ఫ్రెంచి నేర్చుకొనిరి. 1892లో కాన్‌స్టాంటినోపిలు, సిరియా, ఈజిప్టు దేశములను తిరిగి, అక్కడి పుస్తక భాండాగారములందలి అపూర్వ వ్రాతప్రతులను చూచిరి. కైరోలోని జగత్ప్రసిద్ధమైన అల్ అజ్హరు విద్యాలయమును కూడ దర్శించిరి. కాని అక్కడి బోధనాపద్ధతి వారికి ఆశాభంగమునే కలిగించెను. పేరుప్రతిష్ఠలు ఎంత ఉన్నను, పాఠ్యక్రమము మారనిచో విద్య జీవింపదని వారికి తోచెను.

ఖలీఫా ఉమరు అలెగ్జాండ్రియా గ్రంథాలయమును తగులబెట్టించెనని ఒక ప్రవాదము చిరకాలముగ ప్రచారమున ఉండెను. షిబ్లీ దీనిపై ఒక ప్రత్యేక గ్రంథము వ్రాసిరి. ఈజిప్టు విజయము ఏడవ శతాబ్దమున జరుగగా, ఈ కథ ఇంచుమించు ఆరువందల యేండ్లకు గాని చరిత్రకారుల వ్రాతలయందు కనబడదనియు, కావున నమ్మదగినది కాదనియు నిరూపింప యత్నించిరి. తమ మతమువారి గౌరవమును కోపముతో గాక ఆధారములతో నిలుపుట వారి మార్గము. ఆ ఉమరు జీవితమునే 1899లో ‘అల్ ఫారూఖ్’ అను పేర వెలువరించిరి.

1898లో సర్ సయ్యద్ మరణించిన యేడే షిబ్లీ అలీగఢును విడిచిరి. 1901 మొదలు 1905 వరకు హైదరాబాదు నిజాము ప్రభుత్వమున విద్యావిషయక శాఖలో ఉద్యోగము చేసి, ఇమాము గజాలీ చరిత్రము మున్నగు గ్రంథములను రచించిరి.

అంతకు పూర్వమే, 1894లో, వివిధ పక్షముల ఉలమాలను ఏకముచేయుటకు నద్వతుల్ ఉలమా అను సభ కాన్పూరులో ఏర్పడెను; 1898లో లక్నోయందు ఆ సభవారి దారుల్ ఉలూము వెలసెను. హైదరాబాదు నుండి వచ్చిన షిబ్లీ దాని భారము వహించిరి. మదరసాలో ఇంగ్లీషు ప్రవేశపెట్టిరి. అరబ్బీని వ్యాకరణసూత్రములకే పరిమితము చేయక, మాటాడుటకు, వ్రాయుటకు వలసిన సజీవభాషగ నేర్పించిరి. ‘అల్ నద్వా’ పత్రికను నడపిరి; యువకుడైన అబుల్ కలాం ఆజాదు ఆ పత్రికలో కొంతకాలము పనిచేసెను. 1907లో ఇంటియందు ప్రమాదవశమున తుపాకి పేలి షిబ్లీ పాదము పోయెను. కొయ్యకాలితోనే పని సాగించిరి.

అయినను మార్పు సులభముగ జరుగలేదు. పాతపద్ధతివారు కొందరు ఇంగ్లీషు చదువును సహింపరైరి. మతవిషయములను హేతువుతో సమన్వయించు వారి రచనలను చూచి, వారి విశ్వాసమునే శంకించిరి. అలీగఢు పక్షమువారికి వారి కాంగ్రెసు అభిమానము గిట్టలేదు. షిబ్లీ కూడ తొందరపాటు గలవారు. సహచరులను కలుపుకొనిపోవు ఓర్పు వారికి కొంత కొరవడెను. 1913లో నద్వా కార్యభారమును వదలుకొనవలసివచ్చెను. మరుసటి యేడు విద్యార్థులు సమ్మె చేసిరి గాని, ఆయన తిరిగి రాలేదు.

చివరిదినములందు భోపాలు బేగము పోషణతో మహమ్మదు ప్రవక్త జీవితచరిత్రమును వ్రాయుచుండిరి. అది ముగియకముందే, 1914 నవంబరు 18న, ఆజంగఢున యేబదియేడవ యేట కన్నుమూసిరి. శిష్యుడు సయ్యద్ సులేమాన్ నద్వీ పూనా కళాశాలలోని ఉద్యోగము విడిచివచ్చి, గురువు వ్రాసియుంచిన రెండు సంపుటములను ప్రకటించి, తరువాతి సంపుటములను తానే రచించెను. గురువు తలపెట్టిన దారుల్ ముసన్నిఫీను అను గ్రంథరచనా సంస్థను శిష్యులు ఆయన తోటలోనే నెలకొల్పిరి.

షిబ్లీ తలచిన సమన్వయము వారి జీవితకాలమున పూర్తిగ ఫలింపలేదు. కాని ప్రేమతో కూర్చుకొనిన తమ పుస్తకములను వారు నద్వాకు సమర్పించిరి; అక్కడి గ్రంథాలయము నేడు వారి పేరనే వెలయుచున్నది. ఒకరి గ్రంథాలయపు తలుపు తెరచుటచేత ఎదిగిన పండితుడు, తన గ్రంథములను రాబోవువారికి వదలిపోయెను. ఇరువదియైదేండ్లుగ పుస్తకములను పదిలపరచుకొనిన గ్రామమునకు ఆ ఋణము ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు.