ఓలాస్ మ్యూరీ
ఓలాస్ మ్యూరీ 1889లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో జన్మించారు. 1920లో ప్రభుత్వం ఆయనను కారిబూ జింకల అధ్యయనానికై అలాస్కాకు పంపింది. కుక్కలు లాగే మంచుబండిపై ఏళ్ల తరబడి మందల వెంట తిరిగారు. 1924లో వివాహమాడిన మార్గరెట్ కూడా ఆ బండిమీదనే ఆయన వెంట సాగారు! ఈశాన్య అలాస్కాలో కారిబూలు శీతకాలాన్ని దక్షిణపు అడవులలో గడిపి, పర్వతాలు దాటి, ఉత్తర సముద్రతీరాన ఈనుతాయి. అడవిని కాపాడి తీరాన్ని విడిచిపెడితే మంద నిలువదు. 1956లో, అరవై ఏడేళ్ల వయస్సులో, మ్యూరీ భార్యతో షీన్‌జెక్ నదీలోయలో విడిదిచేసి అక్కడి జీవజాలాన్ని పరిశీలించారు. ఆ నేల రక్షణకు అలాస్కా వేటగాండ్రను సైతం ఒప్పించారు. 1960 డిసెంబరు 6న దాదాపు 89 లక్షల ఎకరాలు వన్యప్రాణి రక్షితప్రాంతమయ్యాయి. 1963లో ఆయన కన్నుమూశారు. 1980లో ఆ ప్రాంతం రెట్టింపునకు మించి విస్తరించింది. కాని 2017 నాటి చట్టం, కారిబూలు ఈనే తీరమైదానాన్నే చమురు తవ్వకాలకు తెరిచింది.