బెంజమిన్ షుల్జ్ : జీవితము, ఆంధ్రభాషాకృషి

ఆదివారమునాడు ఆబిడ్సు కాలిబాటలపై పరచిన పాత పుస్తకములలో శిథిలమైన వ్యాకరణమో, నిఘంటువో దొరకునేమోయని వెదకుట ఈ నగరమందలి భాషాభిమానులకు చిరకాలపు అలవాటు. ఆ పుటలు త్రిప్పునపుడు తెలుగు పుస్తకము మొట్టమొదట ఎక్కడ అచ్చుపడినదను ప్రశ్న సహజముగా పుట్టును. అది చెన్నపట్టణమున గాదు, బందరున గాదు. జర్మను దేశమందలి హాలే నగరమున. అచ్చొత్తించినవాడు బెంజమిన్ షుల్జ్ అను క్రైస్తవ మతబోధకుడు. ఈతని చరిత్ర ఐరోపా మతసంస్కరణ చరిత్రతో ముడివడియున్నది గావున దానిని ముందుగా సంగ్రహించుచున్నాను.

క్రీ.శ. 15వ శతాబ్ది మధ్యమున జర్మను దేశమున గూటెన్‌బర్గు లోహాక్షరములతో ముద్రణము సాగించెను. 1517లో మార్టిన్ లూథరు రోమను మతాధికారమును ప్రశ్నించెను. లాటిను నెరుగని గృహస్థుడును తన మతగ్రంథమును తన భాషలో చదువవలెననునది ఆయన పక్షము. ఆయన జర్మను బైబిలు 1534లో సంపూర్ణముగా వెలువడెను. కాలక్రమమున ఆ సంస్కరణమును శుష్కవాదములలో పడగా, 17వ శతాబ్ది చివర హృదయశుద్ధికి ప్రాధాన్యమిచ్చు పియటిజమను భక్త్యుద్యమము ప్రబలెను. ఆ మార్గమువాడైన ఫ్రాంకే 1695లో హాలేలో బీదపిల్లలకు పాఠశాల నెలకొల్పి, క్రమముగా అనాథాశ్రమమును, ముద్రణాలయమును చేర్చెను. డెన్మార్కు రాజు ప్రాపున జీగెన్‌బాల్గు మొదలైనవారు 1706లో తరంగంబాడికి వచ్చిరి. హాలేలో పోసిన తమిళాక్షరములు 1713లో వారికి చేరెను.

షుల్జ్ 1689లో బ్రాండెన్‌బర్గు రాజ్యమందలి సొన్నెన్‌బర్గున జన్మించి హాలేలో విద్యనభ్యసించెను. 1719లో తరంగంబాడి చేరునప్పటికే జీగెన్‌బాల్గు గతించియుండెను. ఆయన విడిచిన తమిళ బైబిలు అనువాదమును షుల్జ్ పూర్తిచేసెను. తోడివారితో పొసగక 1726లో చెన్నపట్టణమునకు తరలి, లండనులోని క్రైస్తవ విజ్ఞాన ప్రచార సంఘపు ఆదరువున పనిచేసెను. ఆ పట్టణమున తెలుగువారు అధికముగానుండుట చూచి తెలుగు నేర్చెను. 1728లో లాటిను భాషలో తెలుగు వ్యాకరణము రచించెను. బైబిలు నూతన నిబంధనమును తెలిగించి, పాత నిబంధనమును 1732 నాటికి ముగించెను.

సంస్కృతజ్ఞులు గుర్తుంచుకొనవలసిన విషయ మొకటి కలదు. 1725లో షుల్జ్ తమ దేశమునకు వ్రాసిన లేఖలో సంస్కృత సంఖ్యావాచకములను లాటిను సంఖ్యలతో పోల్చెను. సప్త శబ్దమునకు సెప్తెమ్, దశ శబ్దమునకు దెకెమ్ అని లాటిను రూపములు. విలియం జోన్సు కలకత్తాలో ఈ సంబంధమును ప్రకటించినది 1786లో. జోన్సు వలె షుల్జ్ సిద్ధాంతము చేయలేదు. కాని పోలిక ఆయన కంట పడినది.

1743లో స్వదేశము చేరిన పిమ్మట హాలేలోనే స్థిరపడెను. హిందూస్థానీ వ్యాకరణము 1745లో వెలువడెను. 1746, 1747 సంవత్సరములలో తెలుగు లిపిలో చిన్న మతగ్రంథములను ముద్రింపించెను. నూరు లిపులను సంకలనము చేసిన 1748 నాటి లైప్‌జిగు గ్రంథమునకు పీఠిక వ్రాసెను. 1760లో హాలేలో మరణించెను.

పూర్వపక్షమును యథాతథముగా నిలిపిన పిదపనే సిద్ధాంతము చెప్పవలెనని మా పాఠశాలలలో గురువులు నేర్పిరి. షుల్జ్ పట్లను ఆ నియమమే న్యాయము. మనవారిని స్వమతము నుండి మరల్చుటయే ఆయన ప్రయోజనము, దానిని మరుగుపరచనక్కరలేదు. ఆయన తమిళానువాదము నిర్దుష్టము గాదు. తరువాత ఫబ్రీసియసు అనువాదము దాని స్థానము నాక్రమించెను. అయినను అన్యదేశ్యుడొకడు మన భాషకు వ్యాకరణము కూర్చి, దూరదేశమున మన అక్షరమునకు లోహరూప మిప్పించెననుట సత్యము.

ఆయన కృషిలో విషాద మొకటి కలదు. తెలుగు బైబిలు వ్రాతప్రతిగానే నిలిచిపోయెను. సువార్తలు కొన్ని 1812లో శ్రీరాంపురమున అచ్చుపడినవి గాని అవి విశాఖపట్టణమున వేరొకరు చేసిన అనువాదములు. షుల్జ్ వ్యాకరణము హాలే భాండాగారముననే యుండగా, కేరీ వ్యాకరణము 1814లోను, కాంబెల్ వ్యాకరణము 1816లోను ముందుగా ముద్రితములయ్యెను. షుల్జ్ గ్రంథము అచ్చులో వెలుగు చూచినది 1984లో. అనగా 256 సంవత్సరములకు!

లూథరు మాట ఇంటింటికి చేరినది అచ్చుపడుట చేతనే. అదే సంప్రదాయమున పెరిగిన షుల్జ్ శ్రమ మరుగునపడినది అచ్చుపడకపోవుట చేతనే. మన భాండాగారములందలి తాళపత్రములకును ఈ న్యాయమే వర్తించును. పరిష్కరించి ప్రకటింపని గ్రంథము, దాచినవానికి తృప్తి నిచ్చునేమో గాని చదువరికి లేనిదానితో సమానము. కట్టు విప్పని తాటాకును చేతబట్టి పరిష్కరింపగల విద్యార్థులకు ఈ జీవితము బోధించు కర్తవ్యమిదియే.