అమరజీవి నిత్యజీవితం

పొట్టి శ్రీరాములుగారి పేరు ఎత్తగానే మనకు 58 రోజుల నిరాహారదీక్ష గుర్తుకు వస్తుంది. అంతకు ముందు వారు యాభై ఏండ్లు ఎట్లా బ్రతికారన్న సంగతి చాలమందికి తట్టదు. ఆ దీక్ష ఒకనాటి ఆవేశం కాదు. రోజూ వీధిలో నడిచేటప్పుడు, అన్నానికి కూర్చున్నప్పుడు వారు చేసిన చిన్న చిన్న నిర్ణయాలే దానికి పునాది.

వారు 1901 మార్చి 16న ఈ చెన్నపట్నంలోనే, జార్జిటౌనులోని అణ్ణాపిళ్ళ వీధిలో జన్మించారు. తండ్రి గురవయ్యగారు, తల్లి మహాలక్ష్మమ్మగారు. ఇక్కడ చదువుకొని, బొంబాయి వెళ్ళి విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శానిటరీ ఇంజనీరింగు నేర్చారు. పిదప గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేలో ఉద్యోగం దొరికింది. రైల్వే గుమాస్తానైన నాకు ఈ సంగతి మరికొంత దగ్గరగా తోస్తుంది. నెల తిరగగానే చేతికి వచ్చే జీతం ఎంత ధైర్యమో సంసారులందరికీ తెలుసు. భార్యా, పసిబిడ్డా పోయిన తరువాత వారు ఆ కొలువు వదలి సబర్మతి ఆశ్రమం చేరారు. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్ళారు.

అయితే వారి మనసు ఎట్టిదో తెలియాలంటే నెల్లూరు వీధులు తలచుకోవాలి. అంటరానితనం పోవాలని వ్రాసిన అట్టలు ఒంటికి తగిలించుకొని వారు ఊరంతా తిరిగేవారు. కాళ్ళకు చెప్పులు లేవు, తలపై గొడుగు లేదు. నెల్లూరు ఎండ సంగతి వేరే చెప్పాలా? కొందరు పిచ్చివాడన్నారు. ఆ మాటకు జంకి వారు పని మానలేదు. ఎవరింట అన్నం పెట్టినా, కులం చూడక భక్తితో స్వీకరించేవారు.

ఇందులో గొప్ప ఏమున్నది అనవచ్చు. సభలో అంటరానితనం కూడదంటే చప్పట్లు కొట్టడం తేలిక. ఎరిగినవాళ్ళు నవ్వుతుండగా అదే మాట ఒంటిమీద వేసుకొని బజారుకు పోవడం కష్టం. జైలుకు పోతే పేరైనా వస్తుంది. పిచ్చివాడనిపించుకుంటే ఏమి వస్తుంది? 1946లో నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి ఆలయంలోకి హరిజనులను రానివ్వాలని వారు నిరాహారదీక్ష పూనారు. ఆలయం తలుపులు తెరిపించారు.

1952 అక్టోబరు 19న మైలాపూరులో, బులుసు సాంబమూర్తిగారి ఇంట, ఆంధ్రరాష్ట్రం కోసం చివరి దీక్ష మొదలుపెట్టారు. డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. నాలుగు రోజులకు నెహ్రూగారు రాష్ట్రం ప్రకటించారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం వెలసింది. వారు పుట్టి, ప్రాణం విడిచిన చెన్నపట్నం మాత్రం అందులో చేరలేదు.

అటువంటి దీక్ష మనవంటివారి వల్ల కాదు. కాని చిన్న పనులు మన చేతిలో ఉన్నాయి. టిక్కెట్టు కిటికీ ముందుకు చిరుగుబట్టలతో వచ్చినవానికీ, ఇస్త్రీబట్టలతో వచ్చినవానికీ ఒకే మర్యాదతో బదులు చెప్పవచ్చు. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు కులం అడగకుండా ఉండవచ్చు. పనిమనిషికి వేరే గ్లాసు పెట్టకుండా ఉండవచ్చు. వీటికి ఖర్చు లేదు, కాని ఇంట్లో పెద్దలతో ఒక మాట పడవలసి రావచ్చు. ఆ ఒక్క మాటకే మనం వెనుకాడుతున్నాము.

ఈ ఉగాదినాడు వారి పటానికి దండ వేసుకుందాం. మనం తినే గిన్నెలోనే పనిమనిషికీ పచ్చడి పెడితే, ఆ దండ వేసినందుకు అర్థం ఉంటుంది.